ఒకానొక గిటార్

విశాఖపట్నంలో ఆధునిక వాద్య మండలి అని ఒక ప్రభుత్వ సంస్థ ఉండేది. మంత్రిగారు ఎక్కడైనా రిబ్బను కత్తిరిస్తే, ఆ రిబ్బను ముక్క కింద పడేలోపు వెనక నుంచి సంగీతం మొదలవ్వాలి. ఆ సంగీతం వీళ్ళది. జీతాలు సంస్కృతి శాఖ ఇచ్చేది, వ్యాను రోడ్ల శాఖ ఇచ్చేది, టిఫిన్లు మాత్రం ప్రారంభోత్సవం ఎవరిదైతే వాళ్ళు పెట్టేవారు.

ఆ మండలిలో ఎలక్ట్రిక్ గిటార్ వాయించేది ఎస్తేరు. చిన్నప్పుడు చర్చిలో క్రిస్మస్ కేరల్స్‌కి మొదలుపెట్టి, పెళ్ళి బ్యాండ్లలో చెయ్యి తిప్పుకుని, చివరికి సర్కారు కొలువులో కుదురుకున్న మనిషి. వాయించేటప్పుడు నోరు కొంచెం తెరుచుకునేది, కనుబొమలు పైకి లేచేవి. ఫొటోల్లో బాగుండదని భర్త ఎన్నోసార్లు చెప్పాడు. నేనేమైనా ఫొటోకి వాయిస్తున్నానా అనేది.

చేపల రేవు ప్రారంభోత్సవం నుంచి తిరిగి వస్తుంటే వ్యానులో ఎవరో ఆమె గిటార్ మీద ఇనప కుర్చీలు పేర్చారు. మెడ విరిగింది. కొత్తది కొనడానికి మంజూరు వచ్చింది. ఎస్తేరు డాబా గార్డెన్స్‌లో తనకు తెలిసిన షాపుకి వెళ్ళి, గోడకున్నవన్నీ దింపించి, రెండింటి దగ్గర ఆగిపోయింది. షాపాయన మంచివాడు. "రెండూ పట్టుకెళ్ళమ్మా. తేల్చుకుని ఒకటి వెనక్కి పంపు" అన్నాడు.

రెండూ ఒకే రకం. సెమీ హాలో అంటారు. కడుపులో రెండు పక్కలా ఖాళీ, నడిమధ్య ఒక చెక్క దిమ్మ, ముందువైపు గొంతు బయటికి రావటానికి రెండు కన్నాలు. మొత్తం ఖాళీగా ఉంటే సౌండు పెంచగానే స్పీకర్లోంచి ఊళ పుడుతుంది. మొత్తం చెక్కే అయితే గొంతులో తడి ఉండదు. ఇది ఆ రెంటికీ నడుమది. వీటిలో ఒకటి ఎర్రది, ఒకటి తేనెరంగుది. ఎర్రదానికి దిమ్మ పైనుంచి కిందదాకా ఉంటుంది, మెడ సన్నం, వేళ్ళకి సుఖం. తేనెరంగుదానికి దిమ్మ సగంలో ఆగిపోతుంది, మెడ కాస్త లావు, కానీ ఒక స్వరం మీటి వదిలేస్తే అది ఆరిపోయే ముందు ఒకసారి వెనక్కి తిరిగి చూసినట్టుంటుంది.

"రెండూ ఒకలాగే ఉన్నాయి గదమ్మా" అన్నాడు రిహార్సల్ హాల్లో డ్రమ్ముల గురునాయుడు. "ఎర్రది తీసీసుకో. టీవీలో కనబడతాది."

"ఉండు గురునాయుడూ. ఇది చేతికి బాగుంది. అది చెవికి బాగుంది. రెండూ మార్చి మార్చి వాయిస్తే గాని తెలీదు."

వాయించింది. లెక్కల విభాగంలోంచి కనకమాలక్ష్మి టీ గ్లాసుతో వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆవిడ ఏ నెలా జీతాల బిల్లు తప్పనివ్వని మనిషి, ఏ రిహార్సలూ వినని మనిషి కూడా. మండలి సభ్య కార్యదర్శి విశ్వపతి గారు గదిలోంచి తల బయటపెట్టారు. ఆయన వెనక మరో తల కనిపించింది. అది డాక్టర్ శార్ఙ్గపాణి గారిది.

శార్ఙ్గపాణి గారు మండలికి కొత్తగా వచ్చిన నిష్పాక్షికతా సలహాదారు. ప్రతి సంస్థకూ అలాంటివారు ఒకరుండాలని ప్రభుత్వం తీర్మానించి, కొందరిని ఎక్కడికో శిక్షణకు పంపి, తిరిగి రాగానే దొరికిన సంస్థల్లో నియమించింది. ఆయన చెడ్డవారు కాదు. ఆఫీసు టీ కూడా తాగేవారు కాదు, ఫ్లాస్కు తెచ్చుకునేవారు. ఒకరిని పలకరిస్తే ఇంకొకరు నొచ్చుకుంటారని ఎవరినీ పలకరించేవారు కాదు. నిజంగా నిప్పులాంటి మనిషి. చిక్కంతా అక్కడే వచ్చింది.

"అమ్మా, ఆ వాద్యాన్ని మీరెందుకు ముట్టుకున్నారు?" అని మెత్తగా అడిగారు.

"వాయించి చూస్తున్నానండీ. ఏది కొనాలో తేల్చుకోవాలి కదండీ."

"కొన్న తర్వాత వాయించేది ఎవరు?"

"నేనేనండీ."

"అంటే ఈ కొనుగోలు వల్ల లబ్ధి పొందే వ్యక్తి మీరే."

"లబ్ధేముందండీ, ఉద్యోగం."

"ఈ రెంటిలో ఏదో ఒకటి మీకు నచ్చే అవకాశం ఉందా?"

"నచ్చాలి కదండీ మరి!"

శార్ఙ్గపాణి గారు బాధగా కళ్ళు మూసుకున్నారు. "విశ్వపతి గారూ, మీ సమక్షంలోనే ఒప్పుకున్నారు. నమోదు చేసుకోండి."

విశ్వపతి గారు రిటైర్మెంటు దగ్గర పడ్డవారు. పెన్షను కాగితాలు పై ఆఫీసులో ఉన్నాయి. నమోదు చేసుకున్నారు.

మర్నాడే ఉత్తర్వు వెలువడింది. "సదరు వస్తువును వినియోగించు వ్యక్తి, వినియోగింపగోరు వ్యక్తి, సదరు వస్తువును గురించి అభిరుచి, అనుభవము లేదా అభిప్రాయము కలిగియున్న వ్యక్తి, ఎంపిక ప్రక్రియయందు ఏ విధముగను పాల్గొనరాదు. అభిరుచియే పక్షపాతమునకు మూలము" అని అందులో ఉంది. రెండు గిటార్లనూ స్టోరులో పెట్టి తాళం వేశారు. రంగు కనిపిస్తే మనసు మొగ్గుతుందని ఖాకీ సంచులు కుట్టించారు. ఒకటి, రెండు అని అంకెలు వేద్దామన్నారు విశ్వపతి గారు. ఒకటో నంబరంటేనే మొదటిదని అర్థం కదా, అది అగ్రస్థానం ఇచ్చినట్టే అన్నారు శార్ఙ్గపాణి గారు. చివరికి రెండు సంచుల మీదా ఒకే చీటీ అంటించారు. దానిమీద "ఒకానొక గిటార్" అని రాసి ఉంది.

ఇక కమిటీ వెయ్యాలి. సంగీతంతో ఏ సంబంధమూ లేనివారు ముగ్గురు కావాలి. పక్క శాఖల నుంచి అధికారులను పిలిపించి శార్ఙ్గపాణి గారు స్వయంగా పరీక్షించారు. మనుషులు బయటికి ఎంత మామూలుగా కనిపించినా లోపల ఎంత పాడైపోయి ఉన్నారో ఆయనకు అప్పుడు తెలిసింది. ఒకాయన కూతురు వయొలిన్ నేర్చుకుంటోంది. ఒకాయన స్నానం చేస్తూ కూనిరాగం తీస్తాడని భార్యే ఫోనులో చెప్పేసింది. ఒకాయన ఫోను అక్కడే, ఆ ఇంటర్వ్యూలోనే, సన్నాయితో మోగింది. ఆయన సిగ్గుపడి తనంతట తనే లేచి వెళ్ళిపోయాడు.

మత్స్యశాఖ నుంచి వచ్చినాయన్ని, "మీరు పాటలు వింటారా?" అని అడిగారు.

"బస్సులో వినబడతాయండి. నేను వినను."

"వినటానికీ వినబడటానికీ తేడా మీకెలా తెలుసు?"

ఆయన కంగారుపడ్డాడు. "తెలీదండి. ఇప్పుడు మీరంటేనే ఉందని తెలిసిందండి."

ఆయన్ని తీసుకున్నారు. తూనికలు కొలతల శాఖ నుంచి ఒకాయన్నీ, భూగర్భ జలాల శాఖ నుంచి ఒకాయన్నీ తీసుకున్నారు. ఈ చివరాయన చప్పుడంటేనే గిట్టదని ఇంట్లో కుక్కర్ కూడా పెట్టనివ్వడట. శార్ఙ్గపాణి గారు ఆయన చెయ్యి పట్టుకుని ఊపారు.

కమిటీ స్టోరులో కూర్చుంది. వాయించి చూడటానికి వీల్లేదు, వాయించగలిగినవాడు ఎవడైనా అనర్హుడే కనక. సంచులు విప్పటానికీ వీల్లేదు. తూనికలాయన రెంటినీ తూచి, బరువులు దాదాపు సమానమని చెప్పాడు. భూగర్భ జలాలాయన సంచి మీంచి తట్టి చూశాడు. ఆయన మొహం మారింది.

"ఇందులో ఖాళీ ఉందండి. బోరు వేసేటప్పుడు ఇలాగే వస్తుంది చప్పుడు."

రెండోదీ తట్టాడు. దాంట్లోనూ ఉంది. మత్స్యశాఖాయన సంచి మీంచే తడిమితే రెంటికీ ముందువైపు చెరో రెండు కన్నాలు తగిలాయి. షాపుకి తాఖీదు పోయింది. "తమరు సరఫరా చేసిన వాద్యములు సగము మాత్రమే నిండియున్నవి. మిగిలిన సరుకు ఎప్పటిలోగా అందజేయగలరో తెలుపవలెను. ముందుభాగమునందలి రంధ్రములు రవాణాలో ఏర్పడినవా, తయారీలోనే ఉన్నవా?" షాపాయన ఆ కాగితం పట్టుకుని ఎస్తేరు ఇంటికొచ్చి, మీవాళ్ళు నన్ను జైల్లో పెడతారా అని అడిగాడు.

విషయం ముదురుతోందని విశ్వపతి గారు భయపడి, కనీసం సాంకేతిక వివరణ కోసమైనా ఎస్తేరును పిలవమని బతిమాలారు. సాక్షిగా పిలవచ్చు, అభిప్రాయం చెప్పకూడదు అన్నారు శార్ఙ్గపాణి గారు. ఆమెను స్టోరు బయట కుర్చీలో కూర్చోబెట్టి కిటికీలోంచి అడిగారు.

"ఈ రెండు వాద్యాల మధ్య భేదమేమిటి? భావావేశం లేకుండా చెప్పండి."

"ఒకదాంట్లో చెక్క దిమ్మ కిందదాకా ఉంటుందండీ. ఒకదాంట్లో సగంలో ఆగుతుంది. అందుకని మొదటిది నిలకడగా పలుకుతుంది. రెండోది కొంచెం ఊపిరి తీసుకుంటుంది."

"ఊపిరి అనేది అభిప్రాయం. కొట్టెయ్యండి."

"గాలి ఆడుతుందండీ లోపల. అందుకని గుండ్రంగా..."

"గుండ్రం కొట్టెయ్యండి."

"మరెలా చెప్పమంటారండీ?" ఎస్తేరు గొంతు లేచింది. "రెంటికీ తేడా ఉందండీ! మీరు వింటే మీకే తెలుస్తుంది. ఒక్కసారి ఇలా ఇవ్వండి, వాయించి చూపిస్తాను!"

కిటికీ మూసేశారు. ఆమె వాంగ్మూలంలో చివరకు మిగిలినవి "చెక్క", "ఉంటుందండీ" అన్న రెండు మాటలు.

అయితే ఆ కేక శార్ఙ్గపాణి గారిని ఆలోచనలో పడేసింది. ఆయన ఆదివారమంతా ఆలోచించి, సోమవారం ఉదయం విశ్వపతి గారి ఎదుట కూర్చున్నారు.

"మనం కొమ్మలు నరుకుతున్నాం. వేరు అలాగే ఉంది. ఎంపిక ఎంత నిష్పాక్షికంగా జరిగినా, చివరికి ఆ గిటార్ ఎవరి చేతికి వెళుతోంది? గిటార్ అంటే మొగ్గు ఉన్న మనిషి చేతికి! అంటే మొత్తం సంస్థే ఆసక్తిపరుల చేతుల్లో ఉంది."

"గిటార్ వాయించేవాళ్ళకి గిటార్ అంటే ఇష్టం ఉండదా అండీ?"

"ఉంటుంది. అదే సంస్థాగత లోపం."

ఉత్తర్వు వచ్చింది. ఎవరికి దేని మీద ఆసక్తి ఉందో వారిని దానినుంచి తప్పించి, ఏమాత్రం ఆసక్తి లేని పనిలో నియమించాలి. గిటార్ వాయించే పని కనకమాలక్ష్మికి ఇచ్చారు. ఎస్తేరును స్టోరు కీపర్ చేశారు. వ్యాను డ్రైవరు డ్రమ్ముల దగ్గర కూర్చున్నాడు. గురునాయుడు వ్యాను ఎక్కి, మొదటిరోజే మండలి గేటు స్తంభాన్ని పడగొట్టాడు. దానిమీద విచారణ జరిగి, అతను కుడివైపుకు గాని ఎడమవైపుకు గాని ఎటువంటి మొగ్గూ చూపక నేరుగా నడిపినట్లు తేల్చి అభినందించారు.

ఎస్తేరు స్టోరులో ఇనప స్టూలు మీద కూర్చుని, ఎదురుగా ఉన్న రెండు ఖాకీ సంచులను చూస్తూ ఒక పూటంతా ఏడ్చింది. రెండో పూట లేచి విశ్వపతి గారి దగ్గరికి వెళ్ళింది.

"సార్, స్టోరులో సరుకు పాడవకుండా చూడటం నా బాధ్యతేనా అండీ?"

"సందేహమేముందమ్మా."

"తీగలున్న సరుకు వాడకపోతే పాడైపోద్దండీ."

విశ్వపతి గారు ఫ్యాను వైపు చూశారు. "స్టోరు తలుపు బాగా మందం అనుకుంటానమ్మా. లోపల ఎటువంటి పరిరక్షణ జరిగినా బయటికి వినబడకపోవచ్చు."

ఆ రోజునుంచి ఎస్తేరుకు తను మొదట అడిగినదే దక్కింది. రెండు గిటార్లూ, కావలసినంత తీరిక. మార్చి మార్చి వాయించింది. స్పీకరు లేకపోయినా, కడుపులో ఖాళీ ఉంది కనక, చెవి ఆనిస్తే వాటి గొంతు వినబడేది. మొదట్లో ఎర్రదే అనిపించింది. తర్వాత ఏ రోజు మారిందో ఆమెకే తెలియదు. ఎర్రది తీసి వాయిస్తూ, తేనెరంగుది ఎప్పుడు తీద్దామా అని చూస్తున్నానని ఒక మధ్యాహ్నం గ్రహించింది. తేలిపోయింది. సంతోషంగా తాళం వేసి గుమ్మం దిగబోతుంటే కనకమాలక్ష్మి ఎదురైంది. చీర కొంగుతో చెమట తుడుచుకుంటోంది.

"ఎస్తేరమ్మా, నీకు దండం పెడతాను. నాకు జీతాల బిల్లులు తప్ప ఏటీ రాదు. కలెక్టరాఫీసులో కొత్త లిఫ్టుకి ప్రారంభోత్సవమట. నన్ను స్టేజీ మీద నిలబెడతారట. మా ఆయన నవ్వి నవ్వి దగ్గొచ్చి మంచమెక్కీసేరు."

ఎస్తేరుకు ఆవిడ మీద పీకలదాకా కోపం ఉంది. తన చోటులో నిలబడబోయే మనిషి. "నేనేం చెయ్యనండీ? నాకిప్పుడు గిటార్‌తో సంబంధం లేదు" అంది.

"నిజమే. నేనే వెళ్ళి అడుక్కోలేదమ్మా, కానీ నీ పని నా చేతిలో పెట్టీసేరు. ఎలా పట్టుకోవాలో ఒక్కటి చెప్పు. తలకిందులుగా పట్టుకుంటానేమోనని బెంగగా ఉంది."

ఎస్తేరు తాళం మళ్ళీ తీసింది.

భోజనాల వేళల్లో నేర్పింది. కనకమాలక్ష్మి వేళ్ళు అంకెలకు అలవాటుపడ్డవి, తీగలకు కాదు. కొనలు ఎర్రబడి, పొక్కి, తోలు లేచాయి. ఇంట్లో చింతపండు పిసకలేకపోతున్నానంది. అయినా రావటం మానలేదు. ఒక రోజు, కార్డ్ అనే పట్టుకి మూడు వేళ్ళూ సరిగ్గా పడి, మొత్తం తీగలు ఒక్కసారిగా శుభ్రంగా మోగాయి. ఆవిడ ఉలిక్కిపడి చెయ్యి తీసేసింది.

"ఇది నేనేనా?"

"మీరేనండీ."

"మళ్ళీ వస్తాదా?"

మళ్ళీ వచ్చింది. యాభై దాటిన కనకమాలక్ష్మి స్టోరు రూములో ఫినాయిలు డబ్బాల మధ్య కూర్చుని చిన్నపిల్లలా నవ్వింది. ఆ నవ్వు చూశాక ఎస్తేరుకు ఆవిడ మీద కోపం నిలబెట్టుకోవటం కష్టమైపోయింది.

అయితే ఒక్క విషయంలో ఇద్దరికీ పడేది కాదు. కనకమాలక్ష్మికి ఎర్రదే కావాలి.

"ఇది నా చేతికి అందుతోందమ్మా. నీ తేనెరంగుది మహారాణిలా ఉంటాది, నన్ను లెక్కచెయ్యదు."

"దాని గొంతు వినండి ఒకసారి."

"గొంతు నీకు. నాకు వేళ్ళు పడితే చాలు."

లిఫ్టు ప్రారంభోత్సవం దగ్గరపడింది. కమిటీ తన నిర్ణయం ప్రకటించాల్సి వచ్చింది. ముగ్గురు సభ్యులూ విడివిడిగా కూర్చుని, ఏదో ఒక సంచిని ఎంచుకుని, దానిమీద ఉన్న చీటీని చూసి పేరు రాసిచ్చారు. శార్ఙ్గపాణి గారు మూడు కాగితాలూ విప్పారు. ముగ్గురూ "ఒకానొక గిటార్" అనే రాశారు.

"ఏకగ్రీవం!" అన్నారాయన. "ఇంతటి ఏకాభిప్రాయం నా సర్వీసులో చూడలేదు."

ఆ మేరకు స్టోరుకు ఉత్తర్వు వచ్చింది. "ఎంపికైన ఒకానొక గిటారును వాద్యకారిణికి అందజేసి, ఎంపిక కాని ఒకానొక గిటారును విక్రేతకు తిరిగి పంపవలెను." ఎస్తేరు ఆ కాగితం ఒకటికి రెండుసార్లు చదువుకుంది. ఎంపికైనది ఏ సంచో ప్రపంచంలో ఎవరికీ తెలియదు. స్టోరు కీపరు ఏది తీసి ఇస్తే అదే ఎంపికైనది. ఇన్ని ఉత్తర్వులు, ఇంతమంది అధికారులు తిరిగి తిరిగి, ఆ రెంటిలో ఏది అన్నది చివరికి మళ్ళీ ఎస్తేరు చేతిలోనే పెట్టి వెళ్ళిపోయారు.

తేనెరంగుది ఇస్తే అది మండలికి ఉండిపోతుంది. ఎప్పటికైనా ఈ పిచ్చి తగ్గి తన చోటు తనకి వస్తే, అది తనది. ఎర్రది ఇస్తే తేనెరంగుది షాపుకి పోతుంది, మళ్ళీ కంటపడదు. కానీ రేపు నలుగురి ముందు నిలబడవలసింది కనకమాలక్ష్మి. ఆ లావు మెడ మీద ఆవిడ వేళ్ళు చాలవు, ఒక్క పట్టు కూడా సరిగా పడదు. ఎస్తేరు సంచులు విప్పి, తేనెరంగుదాన్ని ఒళ్ళో పెట్టుకుని ఒక్కటంటే ఒక్క స్వరం మీటింది. పూర్తిగా ఆరిపోయేదాకా ఉంది. తర్వాత దాన్ని సంచిలో పెట్టి మూతి కట్టేసి, ఎర్రది పట్టుకెళ్ళి కనకమాలక్ష్మి చేతికిచ్చింది.

"నీకు ఇది కాదు గదమ్మా నచ్చింది" అంది ఆవిడ.

"నాకు నచ్చటంతో పనేముందండీ. రూలు ఉంది కదా."

ప్రారంభోత్సవంలో మంత్రిగారు లిఫ్టెక్కి పైకి వెళ్ళి కిందికి వచ్చేదాకా సంగీతం మోగాలి. మండలి వాళ్ళ శక్తికొద్దీ మోగించారు. డ్రమ్ముల దగ్గర వ్యాను డ్రైవరు అడ్డొచ్చినవాళ్ళకి హారను కొట్టినట్టు ఆగి ఆగి బాదాడు. కీబోర్డు మీద అటెండరు ఒకే మీట మీద వేలు పెట్టి, తీస్తే ఏమవుతుందోనని భయపడి తియ్యలేదు. ఆ రొద మధ్యలో కనకమాలక్ష్మి తనకొచ్చిన మూడు పట్లూ వరుసగా, తప్పు లేకుండా, నిదానంగా వాయించింది. జనం ఆ చప్పుళ్ళన్నిట్లోంచి ఆ మూడింటినే ఏరుకుని తల ఊపటం మొదలుపెట్టారు. ఆవిడ అది చూసింది. మొహం వెలిగిపోయింది.

శార్ఙ్గపాణి గారు కూడా చూశారు.

మెమో వచ్చింది. "వేదికపై వాద్యము మ్రోగించుచుండగా తమ ముఖమున ఆనందము పొడసూపినట్లు విశ్వసనీయముగా తెలియవచ్చినది. సదరు ఆనందము ఎప్పటినుండి కలుగుచున్నదో తెలుపవలెను."

"ఏటి రాయమంటావమ్మా?" అంటూ వచ్చింది కనకమాలక్ష్మి.

"పొరపాటున జరిగింది, ఇక జరగదు అని రాసెయ్యండి."

"ఎలా రాస్తాను? జరగాలని ఉంది గదా!"

రాయలేదు. ఆవిడను గిటార్ నుంచి తప్పించారు. జీతాల బిల్లుల మీద కొన్నాళ్ళుగా ధ్యాస తగ్గిందని తేలటంతో తిరిగి వాటికే నియమించారు. అదే వారం స్టోరు తనిఖీ అయింది. వస్తువులు వరుసగా, శుభ్రంగా, మమకారంతో సర్ది ఉన్నందువల్ల ఎస్తేరుకు స్టోరు మీద ఆసక్తి ఏర్పడినట్టు నిర్ధారించి ఆమెనూ తప్పించారు.

గేటు దగ్గర గురునాయుడు కనిపించాడు. చేతిలో డ్రమ్ము కర్రలున్నాయి.

"నీకెలా ఇచ్చారు మళ్ళీ?" అంది ఎస్తేరు.

గురునాయుడు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "దరువు వింటే కడుపులో తిప్పుతాదని, డ్రమ్ములు చూస్తే ఒళ్ళు మండిపోతాదని చెప్పీసేనమ్మా. ఆ సలహాదారు బాబు ఎంత సంతోషించీసేడో! నీలాటోడే కావాలన్నాడు. నువ్వూ చెప్పీ. నోటి మాటే కదా, ఏటి పోయింది?"

నోటి మాటే. ఎస్తేరు ఇంటికెళ్ళి అద్దం ముందు నిలబడి ఆ మాట అనటానికి ప్రయత్నించింది. నాకు గిటార్ అంటే ఇష్టం లేదు. మొదటిసారి గొంతు దాటలేదు. జీవితంలో చాలా అబద్ధాలు ఆడింది గాని ఈ ఒక్క విషయంలో ఎప్పుడూ ఆడలేదు. భర్త వంటింట్లోంచి, ఎవరితో మాట్లాడుతున్నావని అడిగాడు. ప్రాక్టీసు చేస్తున్నానంది.

ఇంటర్వ్యూలో శార్ఙ్గపాణి గారు ఆమె కళ్ళలోకి చూశారు.

"గిటార్ విషయంలో మీ అభిప్రాయం?"

"లేదండీ."

"ఒకప్పుడు చాలా ఉండేది."

"ఉండేదండీ. పోయింది."

"సంగీతం వింటే ఏమనిపిస్తుంది?"

"చప్పుడండీ."

"గిటార్ మీకు ఇవ్వకపోతే?"

ఎస్తేరు ఒళ్ళో చేతులు గట్టిగా పట్టుకుంది. "ఇచ్చినా ఒకటే, ఇవ్వకపోయినా ఒకటేనండీ."

శార్ఙ్గపాణి గారి కళ్ళు చెమర్చాయి. మనిషిలో ఇంత మార్పు తను చూస్తానని అనుకోలేదన్నారు. ఎస్తేరు బయటికొచ్చి కొళాయి దగ్గర నోరు పుక్కిలించి ఉమ్మింది.

కొద్ది రోజుల్లో మండలి సభ్యులంతా ఒక్కొక్కరే వెళ్ళి తమ తమ వాద్యాలను అసహ్యించుకుని తిరిగి తెచ్చుకున్నారు. కనకమాలక్ష్మి ఒక్కర్తే వెళ్ళలేదు. "ఈ వయసులో దొరికిందమ్మా. ఇష్టం లేదని ఎలా చెప్తాను?" అంది. ఆదివారాలు ఎస్తేరు ఇంటికొచ్చి, చర్చి వాళ్ళ పాత గిటార్ మీద నాలుగో పట్టు నేర్చుకుంటోంది. తేనెరంగుది ఏమైందని ఎస్తేరు షాపులో అడిగితే, కాకినాడ నుంచి ఎవరో వచ్చి పట్టుకెళ్ళారని చెప్పాడాయన. ఎస్తేరు ఎర్రదాంతోనే సర్దుకుంది. దాని నిలకడలో కూడా ఒక అందం ఉందని, వాయించగా వాయించగా తెలిసింది.

ఆ తర్వాత మండలి కచేరీ పెద్ద హాల్లో జరిగింది. వేదిక మీద అందరూ తాసీల్దారాఫీసులో వంతు కోసం నిలబడ్డట్టు నిలబడ్డారు. ఎవరి మొహంలోనూ ఏ భావమూ లేదు. ఎస్తేరు నోరు బిగించుకుంది. కనుబొమలు లేవకుండా నుదుట అడ్డంగా బిగుతైన గుడ్డ కట్టుకొచ్చింది, తలనొప్పి అని చెప్పి. శార్ఙ్గపాణి గారు ముందు వరసలో కూర్చుని ఒక్కొక్క మొహాన్నీ వరసగా పరీక్షిస్తున్నారు. సంతృప్తిగానే ఉన్నట్టున్నారు.

గురునాయుడు దరువు ఎత్తుకున్నాడు. ఎస్తేరు అందుకుంది. మొహాల్లోకి పోనివ్వని దాన్నంతా వాళ్ళు చేతుల్లోకే పోనిచ్చారు. మండలి పుట్టాక అంత బాగా ఎన్నడూ వాయించలేదు. హాలంతా కదులుతోంది. పాట సగంలో ఎస్తేరు చూపు కిందికి పడింది. ముందు వరసలో శార్ఙ్గపాణి గారి ఎడమ బూటు నేల మీద తాళం వేస్తోంది. ఆయన మొహానికి ఆ సంగతి ఇంకా తెలియదు.

తర్వాత తెలిసింది. ఆయన తల వంచి, వేరెవరిదో చూసినట్టు తన పాదాన్ని చూశారు. అటు పక్కా ఇటు పక్కా చూశారు. కుడి పాదం తీసి ఎడమ పాదం మీద వేసి గట్టిగా తొక్కిపట్టారు.

ఎస్తేరు చూపు తిప్పేసుకుని, గురునాయుడికి కనుసైగ చేసి, తర్వాతి చరణం ఇంకొంచెం జోరుగా ఎత్తుకుంది. కాసేపటికి పైనున్న పాదం కూడా ఆడటం మొదలుపెట్టింది.